పాసంగం

"జర ఆ తరాజు ఆపు," అన్నాడు లక్ష్మీకాంత్.

బచ్చన్నపేట అంగడిలో టమాటాలు తూస్తున్న కొమురమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. ఎదురుగా తెల్ల చొక్కా, జేబులో పెన్ను, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆ మనిషి టమాటాల వైపు చూడటం లేదు. నడుం వంచి తరాజు పళ్లెం కిందికి చూస్తున్నాడు.

"ఆ కింద కట్టిందేంది?"

"ఏం లేదు సారూ. పాసంగం. రెండు పళ్లాలు సమానం ఉండాలని కట్టిన."

అరచేతిలో పట్టేంత ఇనుప బొమ్మకారు. ఎర్ర రంగు సగం లేచిపోయింది. ఎడమ తలుపు లేదు. ఆ తలుపు ఎట్లా ఊడిందో లక్ష్మీకాంత్‌కు తెలుసు. పెండ్లాం బతికున్నన్నాళ్లు పెండ్లిరోజు ఏ తారీఖో ఒక్కసారీ గుర్తుపెట్టుకోని మనిషికి, రెండో తరగతిలో ఊడిన తన బొమ్మకారు తలుపు మాత్రం కండ్ల ముందు ఆడింది.

పెండ్లాం పోయిననాడు కూడా నలుగురిలో ఏడవలేదు. ఇప్పుడు టమాటాల గంప ముందు నిలబడి ఇనుప ముక్క కోసం ఏడిస్తే ఇంకేమన్నా ఉందా? కళ్లద్దాలు తీసి, పండ్లు బిగబట్టి, కండ్లు గట్టిగా రుద్దుకున్నాడు. అవి ఎర్రబడ్డాయి.

"ఎక్కడిదిది?"

"పాత ఇనుము కొనేటాయన దగ్గర తీస్కున్న సారూ."

"కట్టి ఎన్నేండ్లయింది?"

"ఏండ్లా! నిన్ననే కట్టిన. నా బిడ్డ మీద ఒట్టు."

కట్టిన తీగ తుప్పుపట్టి ఉంది. పాపం, ముసలామెకు కాలం లెక్క తెలియదు అనుకున్నాడు.

"నా టమాటాలమ్మా," అని గొణిగింది పక్కన నిలబడ్డ కొనేటామె. కొమురమ్మ తూచకుండానే రెండు దోసిళ్లు ఎక్కువ పోసి పంపించింది. ఎంత పెద్ద చెయ్యి అనుకున్నాడు లక్ష్మీకాంత్.

"దీని బరువెంతో నీకు ఎరుకేనా?"

"ముప్పై... ముప్పై గ్రాములుంటదేమో సారూ."

"ముప్పయ్యా!" నవ్వొచ్చింది అతనికి. "వందకు తక్కువుండదు. నాకు చెప్తున్నవా?"

కొమురమ్మ పక్కకు చూసింది. పక్క గంప దగ్గరి మిరపకాయల తిరుపతి లేచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, కూసోండ్రి. చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. దీన్ని విప్పి నాకియ్యమను."

తిరుపతి సైగ చేశాడు. కొమురమ్మ తీగను మెల్లమెల్లగా, ఒక్కో చుట్టే విప్పింది. ఇన్నాళ్లు దగ్గరుంచుకున్నది కదా, ఆమెకూ మమకారం పడి ఉంటుంది అనుకుని లక్ష్మీకాంత్ మెత్తబడ్డాడు.

"బాధపడకు అవ్వా. దీని సంగతి నాకు తెలుసు."

"మీకు తెల్వంది ఏముంటది సారూ," అంది ఆమె నేల చూస్తూ.

"ముసల్ది, ఎరుక లేక చేసింది," తిరుపతి గొంతు తగ్గించాడు. "జర చూస్కోండ్రి సారూ."

"చూస్కుంటనయ్యా. పాణం లెక్క చూస్కుంట!"

తిరుపతికి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. లక్ష్మీకాంత్ చేతిసంచి లాక్కుని అందులో మిరపకాయలు కుక్కాడు. కొమురమ్మ టమాటాలు పోసింది. ఎవరో వంకాయలు తెచ్చారు, ఎవరో సొరకాయ ఇరికించారు. లక్ష్మీకాంత్ జేబులో చెయ్యి పెట్టాడు.

"మీ దగ్గర పైసలు తీస్కుంటమా!" అన్నారు అందరూ ఒక్కసారే.

ఈ జిల్లాలో మంచోడన్నవాడు పుట్టలేదని మూడేండ్లుగా కనబడ్డ ప్రతివాడికీ చెబుతూ తిరుగుతున్నాడు లక్ష్మీకాంత్. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది కష్టంగానే ఉంది. చిన్నప్పటి బొమ్మ కోసం ఒక ముసలోడు కండ్లు తుడుచుకుంటే అంగడి అంగడే కరిగిపోయింది! అతను నడుస్తుంటే గంపల వెనక మనుషులు లేచి నిలబడుతున్నారు. దండాలు పెడుతున్నారు. బేరాలు కూడా ఆగిపోయాయి. దొంగముఖాల వాళ్లని ఇన్నాళ్లు తాను తిట్టిపోసింది వీళ్లనేనా?

అంగడి దాటాక అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరనుకుని కారును ఎడమచేతి మీద పెట్టి, మోచేతి దాకా తోసి, పెదాలతో బుర్రుమన్నాడు.

వెనక నుంచి తిరుపతి కేక గట్టిగా వినిపించింది.

"తూనికల సారు పోయిండే! దాచిన తరాజులన్నీ తీయుండ్రి!"