ఇంటిపేరు గడి

“నా కోడలు ఏ పేరెట్టుకుని దాక్కుందో సెప్పు. సెప్పేదాకా నానిక్కడ్నించి కదల్ను.”

సింహాచలమ్మ చేతిసంచీని జానకిరామ్ బల్ల మీద ధబ్బున పడేసింది. కలకత్తాలో ఆ మూలనున్న ఏక్‌బాల్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి బస్సును ఎండలో నిలబెట్టేసింది. సాల్ట్ లేక్‌లోని ఆ షిప్పింగ్ కంపెనీ గేటు దగ్గర దర్వానుతో బెంగాలీలో పోట్లాడి మరీ పైకొచ్చింది.

జానకిరామ్‌ది హైదరాబాదు. కంపెనీ కంప్యూటర్ల బాధ్యత అతనిదే. ఉద్యోగుల వివరాలు బయటివాళ్లకు చెప్పకూడదని మర్యాదగానే చెప్పి చూశాడు.

“నానేటి బయటిదాన్నా? మావోడు హల్దియాలో మీ కంపినీలోనే పన్జేత్తన్నాడు. పెళ్ళాం ఎల్లిపోయిన కాడ్నించీ ఆపీసు కంప్యూటర్లో దాన్ని ఎతుకుతానే ఉన్నాడు. ఎవలు ఏ ఊళ్లో ఏ కుర్చీలో కూకున్నారో అది సెప్పేత్తాదంట కదా. అది ఈ ఆపీసులోనే పన్జేత్తందని నాకు తెలుసు. మరి దీని సంగతెందుకు సెప్పలేదు?”

ఆ మాట జానకిరామ్‌కు గుచ్చుకుంది. అన్ని శాఖల వాళ్లనూ ఒకే డైరెక్టరీలోకి తెచ్చింది అతనే. అది అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కట్టినదనీ, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అసలు మనిషినే చేర్చుకోదనీ, వెతికేది కూడా ఇంటిపేరుతోనే కాబట్టి దొరక్కపోవడం ఉండదనీ విసురుగా చెప్పాడు.

“అయితే తియ్యి. పైలోరి కోడలు. పైల గురవమ్మ.”

పైల అని కొట్టాడు. ఒక్క పేరే వచ్చింది. అది హల్దియాలో ఉన్న ఆమె కొడుకుది.

మీ ప్రమాణం మా వాడ కుళాయి లాంటిదే, తిప్పితే గాలి వస్తుందని ఆమె ఎగతాళి చేసింది. జానకిరామ్ ముఖం ఎర్రబడింది. వెతకడం మానేసి, పేర్లన్నీ వరసగా కిందికి జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగి పళ్లు కొరికాడు. హల్దియా వాళ్లు ఎవరి పేరు వాళ్లే ఎక్కించుకున్నారు. ఇక్కడ ఎక్కించినవాడు బెంగాలీ. వాళ్లలో ఇంటిపేరు చివర వస్తుంది. అదే అలవాటు కొద్దీ గురవమ్మను ఇంటిపేరు చేసి, పైలను మనిషి పేరు చేసేశాడు.

“మనిషి ఇక్కడనే ఉంది పెద్దమ్మా. తప్పు మాదే.”

సింహాచలమ్మ కుర్చీలో కూలబడింది. గొంతులో రంకె పోయింది. ఆ రెండు గడులూ దిద్దితే ఏమవుతుందని మెల్లగా అడిగింది.

“ఏ బ్రాంచిలో కూర్చొని పైల అని కొట్టినా వెంటనే కనిపిస్తది. ఇప్పుడే, మీ ముందే దిద్దుతా,” అంటూ అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

ఆమె ముందుకు వంగి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దిద్దకు బాబూ, ఆడికి దొరికితే సంపేత్తాడు.”