దంతపు బేరం

“ఇది ఎముకండీ, దంతం కాదు,” అంటూ కొట్టాయన చదరంగపు గుర్రాన్ని భూతద్దం కిందికి జరిపాడు. “ఈ సన్నటి చుక్కలు చూడండి. అసలు దంతానికి చుక్కలుండవు. వల అల్లినట్టు గీతలుంటాయి.”

నర్సమ్మ వంగి చూసి, మొహం నిండా నిరాశ నటించింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ సూది నొప్పి పుట్టదని నవ్వుతూ చెప్పిన మనిషికి ఆమాత్రం నటన ఒక లెక్కలోది కాదు.

“నాకు అసలైనదే కావాలండీ. ధర ఎంతైనా ఫరవాలేదు.”

“ఎవరి కోసం?”

“నాకే.”

“ఇదివరకు ఎక్కడైనా కొన్నారా?”

అదిగో, ఆరా తీస్తున్నాడు అనుకుంది నర్సమ్మ. నమ్మకం కుదిరితే గానీ ఇలాంటివాళ్ళు దాచిన సరుకు బయటపెట్టరు.

ఆమె కొనడానికి వచ్చింది కాదు. ఏనుగుల రక్షణ సంఘం పంపితే వచ్చింది. సంఘం నడిపేది ఆమె ఒక్కగానొక్క కూతురే. గిరజాల జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని తిరిగే ఆ పిల్ల, తండ్రి పోయాక తల్లి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం భరించలేక, ఒకరోజు ఒక ఫొటో తెచ్చి చూపించింది. దంతాలు కోసేసిన ఆఫ్రికా తల్లి ఏనుగు పడి ఉంది. పక్కనే గున్న ఏనుగు తొండంతో దాన్ని లేపబోతోంది. నర్సమ్మ చాలా చావులు చూసింది గానీ ఆ ఫొటో ముందు భోరున ఏడ్చింది. భర్త కొనిచ్చిన దంతపు దుద్దులు తీసి, సంఘంవాళ్ళు కూడలిలో వేసిన మంటలో పడేసింది. ఆనాటి నుంచి ఆమె చెవులు బోసిగానే ఉన్నాయి. కరపత్రాలు పంచడంలో మాత్రం ఆమెను మించినవాళ్ళు లేరు.

ఈ పాత వస్తువుల కొట్టులో గుట్టుగా దంతం అమ్ముతున్నారని కబురొచ్చిందట. ఆ వీధిలో నిన్నెవరూ ఎరగరు, కొనేదానిలా వెళ్ళి కూపీ లాగమంది కూతురు. అలా ప్రతి గురువారం రావడం మొదలైంది.

కూపీ సంగతి దేవుడెరుగు, నర్సమ్మే తన కథలన్నీ చెప్పేసింది. కొట్టాయన వెనక గదిలో టీ కాచి, మంచి కప్పు ఆమెకిచ్చి, అంచు విరిగినది తాను పుచ్చుకునేవాడు. భార్య పోయాక గడియారాలు బాగుచేయడం మానేశానని, టిక్కుటిక్కుమంటుంటే ఇల్లు ఇంకా ఖాళీగా అనిపిస్తుందని ఒకసారి చెప్పాడు. ఆ రోజు దంతం మాటెత్తడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇంటికెళితే కూతురు కాచుకుని ఉండేది. ఏం మాట్లాడాడు, నవ్వాడా, టీలో చక్కెర గుర్తుపెట్టుకుని తక్కువే వేశాడా అని ఒకటే ప్రశ్నలు.

“దంతం సంగతి అడగవేమే?”

“ముందు మనిషి అర్థమైతే సరుకు సంగతి అదే తెలుస్తుందమ్మా.”

చివరికి నర్సమ్మ మొండికేసింది. ఆయన అలాంటివాడు కాదనిపిస్తోంది, ఒకవేళ అయితే పట్టించడం నా వల్ల కాదు, ఇంకెవరినైనా పంపుకోమంది. ఇంకొక్క గురువారం అని బతిమాలింది కూతురు. ఎప్పటిలాగే తానే నీలం శాలువా తెచ్చి తల్లి భుజాల మీద కప్పి, మడతలు సరిచేసి పంపింది.

ఆ గురువారం కొట్టాయన ఆమెను చూడగానే లేచి, తలుపు ఓరగా వేశాడు.

“ఇన్నాళ్ళూ అడుగుతున్నారుగా. ఇవాళ ఒకటి చూపిస్తాను.”

చిన్న పెట్టె తెరిచాడు. లోపల తెల్లటి దుద్దులు మెరుస్తున్నాయి. నర్సమ్మ ప్రాణం ఉసూరుమంది. ఇన్ని టీలు పోసిన ఈ చేతులే ఇవి కూడా పట్టుకున్నాయా అనుకుంటే కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

“మీరిలాంటివారు కాదనుకున్నానండీ. నేను కొనడానికి రాలేదు. ఏనుగుల సంఘం మనిషిని. మిమ్మల్ని పట్టుకోవడానికే వస్తున్నాను.”

కొట్టాయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకుని, భూతద్దం ఆమె చేతికిచ్చాడు.

చూసింది. చుక్కల్లేవు, వల గీతలూ లేవు.

“అది గింజండీ. ఒక రకం తాటిజాతి చెట్టుది. ఎండితే దంతంలా గట్టిపడుతుంది. మీ చెవులు బోసిగా ఉంటే చూడలేక చెక్కాను. ఇవి పెట్టుకుంటే దంతం మీద మోజు వదులుకుంటారేమోనని ఆశ.”

“నా మోజుతో మీకేం పని?”

“నేనూ ఆ సంఘానికి గుట్టుగా సాయం చేసేవాణ్ణే. దంతం కోసం ఒకావిడ వస్తుంది, టీ ఇచ్చి మాటల్లో పెట్టి గుట్టు లాగమన్నారు. ప్రతి గురువారం మిమ్మల్ని పట్టివ్వాలనుకోవడం, మీరు వెళ్ళాక వచ్చే గురువారం చూద్దాంలే అనుకోవడం.”

నర్సమ్మకు నవ్వాగలేదు. ఇద్దరు కాపలావాళ్ళను ఒకరి మీదికి ఒకరిని తోలిన సంఘం ఎక్కడైనా ఉంటుందా అంది. ఇంటికెళ్ళి కూతురికి గట్టిగా గడ్డి పెట్టాలనుకుంది. ఆయన అద్దం పట్టుకుంటే, దుద్దు ఒకటి చెవికి పెట్టుకుంటూ, ఈ పని మీకు అప్పగించిన తెలివైనవాళ్ళు ఎవరండీ అని అడిగింది.

“నీలం శాలువాలో వస్తారని గుర్తు కూడా చెప్పింది, గిరజాల జుట్టున్న మీ నాయకురాలే.”