ఎనిమిదో వారం

మైపాడులో చీకటి పడింది. అలల చప్పుడు తప్ప వాడలో అలికిడి లేదు. నెల్లూరులో స్కానింగ్ చేయించుకుని వచ్చిన రోజా, భర్త ముఖేష్ పక్కన అరుగు మీద కూర్చుని నవ్వింది.

"ఎనిమిది వారాలంట. బిడ్డ గుండె కొట్టుకుంటా ఉండాదన్నారు."

ముఖేష్ ఆమె కడుపు వైపు చూశాడు. ఆరేళ్ల కిందట డాక్టరు అతన్నొక్కడినే లోపలికి పిలిచి, అతనిలో వీర్యకణాలే లేవని, పిల్లలు పుట్టే దారి లేదని చెప్పాడు. అతను ఆ రిపోర్టు చించి కాలవలో పారేశాడు. లోపం మొదటి భార్య కామాక్షిదేనని ఇంట్లో చెప్పాడు. గొడ్రాలన్న మాట మూడేళ్లు పడి, ఒక సాయంత్రం ఆమె సముద్రంలోకి నడిచి వెళ్లిపోయింది.

"ఎవురి బిడ్డే?" అని అడగబోయి ఆగిపోయాడు. అడిగితే కామాక్షి మీద వేసిన నింద అబద్ధమని బయటపడుతుంది.

"రాత్రి కామాక్షక్క కల్లోకొచ్చిందయ్యా," అంది రోజా. "నీ మొగుడు నన్నడిగింది ఇప్పుడిస్తా ఉండానని చెప్పమనింది. పాపం, ఎంత మంచిదో!"

ఆమె అతని చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుంది. కడుపు చల్లగా ఉంది. లోపలిది అంగుళమైనా లేని పిండం. దాని కదలిక తెలియాలంటే ఐదో నెల రావాలి. అయినా చర్మం కింద ఏదో మెల్లగా జరిగి అతని అరచేతి కిందికి వచ్చింది. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

రాలేదు. లోపలి నుంచి ఐదు వేళ్లు అతని చూపుడువేలిని బిగించి పట్టుకున్నాయి.

అవి పసిబిడ్డ వేళ్లు కావు.