మంది బర్రెకు కుడితి

గుమాస్తా బుచ్చిరాములు తల ఎత్తలేదు. తలెత్తి మనిషి మొఖం చూస్తే సర్కారు జీతం కోస్తుందేమో అన్నట్టు, ఆయన ఎప్పుడూ కాగితాలతోనే మాట్లాడతాడు.

"ఎవల్దయ్యా?"

"స్కాలర్‌షిప్పు దరఖాస్తు సారూ. మా బాలలక్ష్మిది. ఈడ కొత్త కాలేజీల సీటొచ్చింది" అన్నాడు దశరథం, కిటికీ ఊచల్లోంచి కాగితాలు లోపలికి పెడుతూ. వెనకాల బాలలక్ష్మి భుజాల నిండా కొంగు కప్పుకుని గోడవారగా నిలబడింది.

నేతోళ్ల పిల్లలకు కూడా సర్కారు స్కాలర్‌షిప్పు ఇస్తుందని తెలిసేసరికే గడువు దగ్గర పడింది. ఇవాళే ఆఖరు రోజు. ఇవాళ దరఖాస్తు పడకపోతే పిల్ల చదువు ఇక్కడికే సరి. మగ్గం మీద వచ్చేది ఇంటిల్లిపాది తిండికే చాలదు, ఇక కాలేజీ ఫీజు, హాస్టలు ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే పొద్దున్నే సిరిసిల్లలో బస్సెక్కి కరీంనగరం వచ్చాడు. భార్య శంకరవ్వ వాకిట్లోకి కూడా రాలేదు. "పిల్ల కాలేజీకి పోతే మగ్గానికి నూలు కండెలెవరు చుట్టాలె, నీ తాతనా?" అని అలిగి కూర్చుంది.

"ఆడపిల్లకు కాలేజెందుకయ్యా?" అన్నాడు బుచ్చిరాములు. "మొగపిల్లలు లేరా నీకు?"

"ఒక్కడున్నడు సారూ. సదువుల తల్లి సరస్వతమ్మకు వాడంటే పడదు. బాసర తీస్కపోయి అక్షరాలు దిద్దిపిచ్చిన. అయినా ఆరో తరగతిలనే ఆగిండు. ఇప్పుడు మగ్గం నేస్తుండు."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు.

"మరి ఈ పిల్ల సదువుతనంటే వాడేమంటుండు?"

"ముందుగాల మూతి ముడుసుకున్నడు. ఇప్పుడైతే మగ్గం దిగంగనే లాంతరు తుడిసి ముట్టిస్తడు. ఈమె సదువుతుంటే పక్కన కూసుంటడు. ఇని ఇని వానిగ్గూడ నాలుగు ముక్కలు వస్తున్నయి."

"తోడబుట్టినోడంటే గట్లుండాలె" అన్నాడు బుచ్చిరాములు, కాగితం తిరగేస్తూ.

బాలలక్ష్మి మొఖం గోడవైపు తిప్పుకుంది. దశరథం గుమాస్తా చేతిలోని కాగితాన్నే చూస్తున్నాడు. దరఖాస్తు మీద ఇంకా ముద్ర పడలేదు. ఇలాంటప్పుడు అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోవడమే మేలని ఆయన లెక్క.

బుచ్చిరాములు నిజాం జమానాలో ఉర్దూ చదివి కొలువులో చేరినవాడు. తెలుగు కాగితం వస్తే అక్షరం కింద వేలు పెట్టి మెల్లగా చదువుతాడు. "సంరక్షకుడు, దశరథం. నేతపని. మంచిది. తాసిల్దారు సర్టిఫికెట్టు మీద ముద్ర సగమే పడ్డదేంది?"

"మిగిలిన సగం ఆయన బల్ల మీద పడ్డది సారూ. నేను సూసిన."

మళ్లీ నవ్వులు. గుమాస్తాకు మాత్రం నవ్వు రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

"పిల్లా, సదివి ఏం జేస్తవు?"

"పంతులమ్మనయిత సారూ. లెక్కలు చెప్త" అంది బాలలక్ష్మి. గొంతు చిన్నదే కానీ వణకలేదు.

దశరథానికి కడుపు నిండినట్టయింది. ఇంట్లో మెట్రిక్ గట్టెక్కిన మొదటి మనిషి ఆమె. ఫలితాలు వచ్చిన నాడు వాడకట్టంతా చక్కెర పంచి, శంకరవ్వతో తిట్లు తిన్నాడు. అయినా ఆ తిట్లు కూడా ఆయనకు తియ్యగానే అనిపించాయి.

బుచ్చిరాములు కాగితాలు సర్దుతూ హితబోధకు దిగాడు. "నీ మంచికే చెప్తున్న ఇను. ఎప్పటికన్న ఆడపిల్ల అత్తగారింటికి పోయేదే. దాన్ని సదివిచ్చుడంటే మంది బర్రెకు కుడితి పెట్టుడే. కుడితి నీది, పాలు మందియి."

"బర్రె సల్లగుండి పాలిస్తే సాలు సారూ. ఎవలో ఒకలు తాగుతరు."

"జర గూడ ఫికర్ లేదా నీకు?"

"ఎందుకు లేదు సారూ, ఉన్నది. మీరు కిటికీ మూస్తరేమోనని ఫికర్."

ఈసారి బుచ్చిరాములు పెదవి కూడా కొంచెం కదిలింది. ముద్ర తీశాడు, సిరాలో అద్దాడు, దరఖాస్తు మీద గట్టిగా కొట్టాడు. రసీదు చింపి బయటికి తోశాడు. దశరథం రెండు చేతులా అందుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగితే రుమాలు కొసతో తుడుచుకున్నాడు. పిల్ల కాలేజీకి పోతుంది, ఇక చింత లేదు.

ఆ కన్నీళ్లు చూసి గుమాస్తాకు జాలేసింది. అప్పుడు తలెత్తి దశరథం మొఖం చూశాడు.

"నీ అసొంటి పిచ్చోన్ని నేను యాడ సూడలే. బస్సులల్ల ఒళ్లు హూనం జేసుకునేది నువ్వు. ఆఫీసుల సుట్టు సెప్పులరగదీసుకునేది నువ్వు. రేపు ఈమె పంతులమ్మయి జీతం తెస్తే, అత్తగారింటి అరుగు మీద కాలు మీద కాలేసుకోని తినేది మాత్రం ఈమె మామ. వాడెవడో గని పెట్టి పుట్టిండు."

దశరథం రసీదును మడిచి బొడ్లో భద్రంగా దోపుకున్నాడు. పద బిడ్డా అన్నట్టు బాలలక్ష్మికి సైగ చేశాడు. రెండడుగులు వేసి, మళ్లీ కిటికీ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"గా పెట్టి పుట్టిన మామను నేనే, సారూ."