మంచు కావాల్సిన గింజలు

ఫ్రిజ్‌లో కింది అరలో, కరివేపాకు కట్ట వెనక, తడిగుడ్డ చుట్టిన ప్లాస్టిక్ డబ్బా.

అది సాదిక్‌ది. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఏముందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

కువైట్‌లో, ఫర్వానియాలోని ఆ గదిలో ముగ్గురు. రైల్వేకోడూరు పక్కనుంచి వచ్చిన ఓబులేసు, జగిత్యాల జలంధర్, పాకిస్తాన్ కొండల్లోంచి వచ్చిన పఠాన్ సాదిక్. ముగ్గురికీ ఒకే కంపెనీ, రోడ్ల పక్కన మొక్కలు పెంచే పని.

డబ్బాలోది ఎలా వచ్చిందో ఓబులేసు కళ్లారా చూశాడు. డిసెంబరు మొదట్లో, బస్టాపు దగ్గర, ఎవరో కొత్త మనిషి సాదిక్ చేతిలో పొట్లం పెట్టి గబగబా వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి రోజూ పనినుంచి రాగానే సాదిక్ ఆ మూత తీసేవాడు. వాసన చూసేవాడు. ఫోను కెమెరాకి చూపిస్తూ పష్తోలో గుసగుసలాడేవాడు. వీళ్లు దగ్గరికొస్తే మూత పెట్టేసేవాడు.

"గదేందో మంచిగ అనిపిస్తలేదన్నా," అన్నాడు జలంధర్. "మా బామ్మర్ది దోస్తు గట్లనే ఎవడో ఇచ్చిన పొట్లం పట్టుకొని జైల్ల వడ్డడు. ఇంకా బయటికి రాలే."

"రూములో దొరికితే?"

"రూముల ఉన్నోళ్లనందరిని గుంజుకపోతరు. ఇఖామా ఖలాస్. ఈ దేశంల ఉండనియ్యరు."

ఓబులేసు ఫ్రిజ్ వైపు చూశాడు. ఊళ్లో ఒకసారి కట్టెల మోపుతో కొండ దిగుతుంటే ఎర్రచందనం దొంగవంటూ అతన్ని పట్టుకుని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాతే కువైట్ దారి పట్టాడు.

ఆ శుక్రవారం సాదిక్ మసీదుకు వెళ్లాడు.

జలంధర్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. "పోలీసోళ్లు అచ్చిండ్రు! పక్క బిల్డింగుల ఇఖామాలు చూస్తున్నరు."

ఓబులేసు డబ్బా తీశాడు.

తడి ఇసుక. వేలు పెట్టి కెలికితే, సన్నగా, పొడుగ్గా, గోధుమరంగు గింజలు. ఒకదానికి తెల్లటి మొలక.

వేరుశనగ వేసిన చెయ్యి అది. మొలక తగలగానే ఆగింది.

"గింజలప్పా ఇవి!"

"ఏం గింజలో మనకెర్కనా? మత్తు గింజలేమో! యల్లా, పారెయ్!"

డబ్బాలోది మిగిలిన అన్నంలో కుమ్మరించి, డబ్బాతో సహా నల్ల సంచీలో కట్టాడు ఓబులేసు. పోలీసు బండి పక్కనుంచే నడిచి వెళ్లి వీధి చివర చెత్తకుండీలో పడేశాడు.

పోలీసులు వాళ్ల బిల్డింగుకు రానేలేదు.

సాదిక్ వచ్చి ఫ్రిజ్ తీశాడు. అరలన్నీ బయటికి లాగాడు. మంచాల కింద వెతికాడు. వాళ్లిద్దరి మొహాలు చూడాలని మాత్రం అతనికి తోచలేదు.

"భాయ్, నా డబ్బా కనపడిందా?" అన్నాడు ఉర్దూలో.

"అందులో ఏముందో ముందు చెప్పు," అన్నాడు ఓబులేసు.

సాదిక్ మంచం అంచున కూర్చున్నాడు.

"చిల్గోజా. పైన్ చెట్టు గింజలు. మా కొండమీద వాన పడదు, మట్టి కూడా అంతంతే. ఆ చెట్టు రాతి సందులో వేరు దింపుకుని బతుకుతుంది. బెరడు పెచ్చులూడితే లోపల వెండిలా ఉంటుంది. కాయ పండడానికే రెండేళ్లు. మొక్క కాపుకొచ్చేసరికి నాటినవాడు ముసలివాడవుతాడు."

ఫోను తీసి నల్లబడిన కొండ ఫోటో చూపించాడు.

"మొన్న ఎండాకాలం అడవి తగలబడింది. మా వాటా చెట్లలో ఏడు మిగిలాయి. ఆ చెట్ల గింజలే అవి."

"మరి ఇక్కడికెందుకు?"

"మంచు కింద పడుకుంటేనే ఆ గింజ లేస్తుంది భాయ్. రెండేళ్లుగా మంచు సరిగ్గా పడలేదు. మా ఊళ్లో ఫ్రిజ్ నడిచేంత కరెంటు లేదు. పైగా అక్కడుంటే ఆకలేసినవాళ్లు తినేస్తారు. వాళ్లనేమనగలం? అందుకే అమ్మ మా ఊరివాడితో ఇక్కడికి పంపింది. సెలవుకు పోయేటప్పుడు తీసుకెళ్లి నాటాలి."

"మాకు చెప్పుంటే ఏం పోయేది?"

"మొలకెత్తేదాకా నలుగురి కళ్లూ పడకూడదంది అమ్మ."

జలంధర్ గోడవైపు తిరిగాడు.

ఓబులేసు చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాడు.

కుండీ అంచెక్కి లోపలికి దూకాడు. సంచీని పిల్లులు చీల్చేశాయి. చేపముళ్లు, అన్నం, సీసాపెంకులు, వాటి మధ్య ఇసుక. రెండు చేతులతో కెలకసాగాడు.

వెనకాలే వచ్చిన సాదిక్ కుండీలో అతన్ని చూసి నిలబడిపోయాడు.

"నేనే, సాదిక్. భయపడి పారేసినా."

 సాదిక్ చొక్కా చేతులు పైకి మడిచి తనూ దిగాడు.

పొద్దుగూకే అజాన్ వినిపించేదాకా ఇద్దరూ వెతికారు. నలభై గింజల్లో పదకొండు దొరికాయి. మొలక వచ్చిన గింజ కూడా దొరికింది. మొలక విరిగిపోయింది.

"పర్వాలేదు భాయ్," అన్నాడు సాదిక్. ఓబులేసు వేలికి రక్తం కారుతుంటే తన రుమాలు ఇచ్చాడు.

ఆ తర్వాత ఆ గింజలు ఫ్రిజ్‌లోకి రాలేదు.

సాదిక్ ఒక ఫ్లాస్కు కొన్నాడు. ఇసుకా గింజలూ సంచీలో కట్టి, ఐసు మధ్య పెట్టి, పనికి వెళ్తే తనతోనే తీసుకెళ్లేవాడు. పడుకునేటప్పుడు తల పక్కనే పెట్టుకునేవాడు. ఓబులేసు రోజూ ఐసు గడ్డకట్టించి ఉంచేవాడు. సాదిక్ ఐసు తీసుకునేవాడు. నింపిపెడతానంటే ఫ్లాస్కు ఇచ్చేవాడు కాదు.

ఫిబ్రవరి చివర్లో నాలుగు మొలకెత్తాయి. ఆ సంగతి సాదిక్ చెప్పలేదు, జలంధర్ ఓరకంట చూసి కనిపెట్టాడు.

సాదిక్ సెలవు మీద ఊరికి వెళ్లే రోజు వచ్చింది. కింద ఎయిర్‌పోర్టు కారు హారన్ కొడుతోంది. సాదిక్ వాళ్లమ్మకిమ్మని జలంధర్ ఖర్జూరం డబ్బా ఇచ్చాడు. భుజాన ఫ్లాస్కుతోనే సాదిక్ ఇద్దరినీ కౌగిలించుకున్నాడు.

ఓబులేసు అతని బ్యాగు అందుకోబోయాడు.

"ఆగు భాయ్," అన్నాడు సాదిక్.

బ్యాగును మంచం మీద పెట్టి, జిప్పు తీసి, ఎవరూ అడగకుండానే ఒక్కొక్క బట్టా విదిలించి వాళ్లకు చూపించాడు. "చూసుకోండి భాయ్, ఇందులో దాచిందేమీ లేదు."