నక్క చూపిన చెరకు తోట

చెల్లీ, ఈ కథలో ఏది ముందో, ఏది వెనకో నేను తారుమారు చెయ్యవచ్చు. చెరకు తోటలు మాత్రం రెండే, తూర్పుదీ పడమటిదీ.

ఆ చెరకులో పైడమ్మ అనే ముసలి నక్క ఏళ్లుగా కాపురముంటోంది. దేశమంతా తాగే కాఫీలో తీపి తన కాపలా వల్లే వస్తోందని దాని నమ్మకం. ఒకరోజు చక్కెర ఫ్యాక్టరీ కూత వినబడగానే నూకాలు అనే ముంగిస పరుగున వచ్చింది.

"అత్తా, రేపటినుంచి చెరకు నరుకుతారట. నా పిల్లలింకా కళ్లు తెరవలేదు. ఎటు పోను?"

"పడమటికి పో. నిరుడు ముందు నరికింది తూర్పు తోటనే. నాకన్నీ గుర్తే."

"నిరుడు తూర్పుది పాత మోళ్ల మీద మొలిచిన కార్శి కదత్తా. కార్శి ముందే పక్వానికొస్తుంది, అందుకని ముందు నరికారు. ఈ ఏడు కార్శి పడమటిది కాదూ?"

"నిన్నగాక మొన్న పుట్టావు, నాకు చెరకు నేర్పుతావా?"

పెద్దదాని మాట కాదనలేక నూకాలు పిల్లల్ని పడమటి తోటకే చేర్చింది. తెల్లారగానే కూలీలు కత్తులు పట్టుకుని ఆ తోటలోకే దిగారు. నూకాలు ఒక్కొక్క పిల్లనీ నోట కరుచుకుని తూర్పు తోటకు పరుగెత్తింది. చివరి పిల్లతో వచ్చేసరికి పైడమ్మ అక్కడ రొప్పుతూ కూర్చుని ఉంది.

"తూర్పుకి పొమ్మని నేను చెప్పానా లేదా?" అంది.

నూకాలు పిల్లలందరినీ వాసన చూసుకుంది. అందరూ ఉన్నారు.

"చెప్పావత్తా. ముందు ఆ తోక లోపలికి లాక్కో, కూలీలు చూస్తారు."

చెల్లీ రాజ్యం, నక్క పేరు పైడమ్మా, నూకాలా? ఒకసారి చదివి సరిచూడవే.