ఫోన్లో జాగా లేదు

"యాప్ వేసుకుంటేనే ఐసు. లేదంటే లేదు," అన్నాడు సందీప్, ఐసు ఫ్యాక్టరీ కిటికీలోంచి తల బయటపెట్టి.

ఫిషింగ్ హార్బర్లో పొద్దున్న ఏడయ్యింది. వేలంలో పాడుకున్న చేపల తట్టలు పక్కన పెట్టుకుని ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. ఎండెక్కితే చేప ఎవరి మాటా వినదు, గంటలో పాడైపోతుంది. వరసలో అందరికంటే ముందు జయమణి ఉంది. ఆమె తట్ట నిండా వంజరాలు. ఐసు దొరక్కపోతే ఇవాళ్టి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"నిన్నటి దాకా లింకు నొక్కితే టోకెన్ వచ్చీది కదేటి! ఈయేల ఏటొచ్చింది దానికి?" అంది జయమణి.

"లింకు ఆపేస్తున్నామమ్మా. హెడ్డాఫీసు ఆర్డరు. అది బ్రౌజర్లో తెరిచే ఉత్త పేజీ. యాప్ అయితే ఫోన్లోనే ఉంటుంది. మీ వంతు రాగానే గంట మోగుతుంది. ముందొచ్చినవాళ్లకే ముందు ఐసు. వరస తప్పదు. అందరికీ న్యాయం."

న్యాయం అన్న మాటకి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నాను కిటికీ కాడే ఉన్నాను. నా వంతొచ్చిందని సెప్పడానికి గంటెందుకు? లింకు బరువు నేదు బావూ. నొక్కితే తెరుసుకుంటాది, పనైపోతే మూసుకుంటాది. నీ యాప్ అలక్కాదు. ఫొటోలు సూత్తానంటాది, ఎక్కడికెళ్లినానో సూత్తానంటాది. ఫోన్లో కాపరమే ఎట్టెత్తాది."

వరసంతా గొల్లుమంది. సందీప్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. వారంలో వెయ్యిమంది చేత యాప్ వేయిస్తే ప్రమోషనని పైవాళ్లు ఊరించారు మరి.

"కబుర్లొద్దు. వేసుకోండి."

జయమణి ఇన్‌స్టాల్ నొక్కి ఫోన్ అతని మొహం ముందు పెట్టింది. జాగా చాలదని తెర మీద వచ్చింది.

"ఏదో ఒక వీడియో తీసేయండి."

"తియ్యను."

"తీస్తే ఏం పోతుంది?"

"ఒక్కటీ తియ్యను. ఐసు కావాల. లింకులోనే కావాల."

సందీప్ ఆమెని వదిలేసి, వెనకనున్న దేవి ఫోన్ చూశాడు. అందులోనూ జాగా లేదు. ఆమె వెనక ధనశ్రీ ఫోన్లోనూ లేదు. అందరూ కూడబలుక్కుని వచ్చారని అతనికి అర్థమైంది. తట్టల మీద ఈగలు ముసురుతున్నాయి. నష్టం ఎవరికో వాళ్లకి తెలియకపోలేదు. అయినా ఒక్క మనిషి కదిలితే ఒట్టు.

"ఇలా తెండి, నేనే తీస్తాను," అంటూ జయమణి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"సూసి తియ్యి బావూ," అంది ఆమె, నడుం మీద చెయ్యి వేసుకుని.

గ్యాలరీ తెరిచాడు. అన్నిటికంటే పెద్ద వీడియో పైనే ఉంది. వేలు తగలగానే అది ఆడటం మొదలెట్టింది. ఫ్యాక్టరీ వెనక గేటు. ఎగుమతి కంపెనీ లారీ. వరసా లేదు, టోకెనూ లేదు, ఐసు గడ్డలు ఒకదాని వెంట ఒకటి లారీలోకి జారిపోతున్నాయి. పక్కన నిలబడి "తొందరగా కానివ్వండి, ఆడోళ్లు వచ్చేస్తారు" అంటున్న మనిషి సాక్షాత్తూ సందీపే.

సందీప్ గబుక్కున డిలీట్ నొక్కాడు. అలాంటిది ఇంకోటుందేమోనని గ్యాలరీ అంతా వెతికాడు. లేదు. హమ్మయ్య అనుకుని ఫోన్ ఆమెకి తిరిగిచ్చాడు.

"జాగా వచ్చింది. ఇప్పుడు వేసుకోండి," అన్నాడు.

జయమణి పక్కకి జరిగింది. దేవి ముందుకొచ్చి తన ఫోన్ కిటికీలో పెట్టింది.

"నాదీ తీసెయ్ బావూ, అదే వీడియో. ఎనకాల ఇంకా ముప్పైమందున్నారు."